శుభ్రమైన పుస్తకానికి శిక్ష

మా బడి లైబ్రరీ మాస్టారికి శుభ్రమైన పుస్తకం కనబడితే ఒళ్లు మండుతుంది. చింపి తెచ్చినా ఊరుకుంటారు, టీ ఒలకబోసి తెచ్చినా ఊరుకుంటారు. ఇచ్చింది ఇచ్చినట్టు, అట్ట నలగకుండా, మూల మడవకుండా తిరిగి తెచ్చారా, మీ పని అయిపోయినట్టే. నేను చాలామంది కోపిష్టులను చూశాను. ముప్ఫై మూడేళ్లు కరెంటు శాఖలో పనిచేసి లైన్ ఇన్‌స్పెక్టరుగా రిటైరైనవాణ్ణి. ఏడు వందల పైచిలుకు స్తంభాలు దగ్గరుండి పాతించినవాణ్ణి. గాలివానకు కూలిన లైనును ఒక్క పూటలో నిలబెట్టి పై అధికారి చేతుల మీదుగా ప్రశంసాపత్రం అందుకున్నవాణ్ణి. కరెంటు పోయిన వీధి కోపం ఎలా ఉంటుందో నాకు తెలుసు. మాస్టారి కోపం ముందు అది దిగదుడుపే.

లైబ్రరీ అంటే ఏ మేడో ఊహించుకోకండి. ఒకప్పుడు సైకిళ్లు పెట్టుకున్న షెడ్డు. మూడు ఇనుప అరలు, కాలు కుంటిదైన ఒక బల్ల, వెనకాల ఒక బెంచీ. పుస్తకాలు ఆరు వందల పన్నెండు, పిల్లలు తొమ్మిది వందలు. పిల్లలు ఆయనకు పెట్టిన పేరు ‘మడతల మాస్టారు’. పుస్తకం తిరిగి రాగానే ఆయన మూడు పరీక్షలు పెడతారు. ముందు దాన్ని వెన్ను మీద నిలబెట్టి వదిలేస్తారు. చదివిన పుస్తకం తనంతట తానే ఎక్కడో ఒకచోట తెరుచుకుంటుందట, చదవనిది నోరు మూసుకుని నిలబడుతుందట. తరువాత పేజీల కింది మూలలో బొటనవేలి మరకల కోసం వెతుకుతారు. చివరికి వాసన చూస్తారు.

“నలుగురు చదివిన పుస్తకానికి చేతుల వాసన వస్తుందండీ. దీనికి ఇంకా దుకాణం వాసనే వస్తోంది,” అంటారు. అంటూనే ముఖం ఎర్రబడుతుంది.

ఒకసారి మా హెడ్మాస్టరు గారు చరిత్ర పుస్తకం ఒకటి తీసుకెళ్లి నెల తరువాత తెచ్చిచ్చారు. 

“ఎంతదాకా చదివారు సార్?” అని అడిగారు మాస్టారు.

“మొత్తం. చాలా లోతైన రచన.”

“అవునండీ, లోతే. నలభై ఆరో పేజీ, నలభై ఏడో పేజీ ప్రెస్సులో కత్తిరించడం మరిచిపోయారు. అవి ఇంకా అతుక్కునే ఉన్నాయి. మీరు ఏ దారిన లోతుకు దిగారో కాస్త చెప్పండి.”

ఆ తరువాత ఏడాదిపాటు హెడ్మాస్టరు గారు లైబ్రరీ ముందునుంచి కాకుండా వెనక గోడ చుట్టూ తిరిగి స్టాఫు రూముకు వెళ్లేవారు.

మా ఆవిడ ఓసారి పుస్తకం పాడవుతుందని మంచి కాగితంతో అట్ట వేసి పంపింది. మర్నాడు మాస్టారు మా గుమ్మంలో నిలబడ్డారు. “అమ్మా, పుస్తకానికి చొక్కా తొడిగింది మీరేనా? రేపు దాన్ని బీరువాలో మడతపెట్టి దాచమంటారు కాబోలు!” మా ఆవిడకు కోపం రావాలి కదా, రాలేదు. “పాపం, ఇంట్లో మాట్లాడేవాళ్లు లేరేమో,” అంది.

నాకూ పడింది దెబ్బ. నేను బడి తల్లిదండ్రుల సంఘానికి పదకొండేళ్లుగా అధ్యక్షుణ్ణి, పోటీ లేకుండా ఎన్నికైనవాణ్ణి. హోదాకు తగ్గట్టు విద్యుత్తు గురించిన లావుపాటి పుస్తకం ఒకటి తీసుకెళ్లి, పది రోజులు కుర్చీ పక్కన అందరికీ కనబడేలా పెట్టుకుని, తిరిగి ఇచ్చాను. మాస్టారు దాన్ని బల్ల మీద నిలబెట్టారు. అది నేను పాతించిన స్తంభంలా నిలబడింది.

“మీకు కూడా శిక్షే అధ్యక్షుల వారూ. బెంచీ మీద ఒక గంట.”

నేను మూడు నెలలు ఆ షెడ్డు గుమ్మం తొక్కలేదు.

నాకంటే పెద్ద అవమానం మా మనవరాలికి జరిగింది. పిల్ల నాలుగో క్లాసు. వారానికో పుస్తకం తెచ్చుకునేది. మంగలి దుకాణంలో, బస్టాపులో, బ్యాంకు వరసలో, ఎక్కడ నిలబడితే అక్కడ చెప్పాను: “మా మనవరాలు వారానికో పుస్తకం నమిలేస్తుంది. మా వంశంలో ఇంత చదువరి లేదు.” పదకొండు పుస్తకాలు తెచ్చింది, పదకొండూ కడిగిన ముత్యాల్లా తిరిగి ఇచ్చింది. మాస్టారు రోజూ బడి వదిలాక ఒక గంట బెంచీ మీద కూర్చోమని శిక్ష వేశారు. నేను ఒంటికాలి మీద లేచాను.

“మా ఇంటి పిల్లకు శిక్షా? నేనెవరో తెలుసా?”

“తెలుసండీ. ఏడు వందల స్తంభాలు.”

“పైచిలుకు! పుస్తకాన్ని జాగ్రత్తగా చూసుకోవడం తప్పా?”

“మహా తప్పండీ.”

“అది పెద్దవాళ్లు నేర్పిన పద్ధతి!”

“అయితే ఆ పెద్దవాళ్లూ వచ్చి కూర్చోవచ్చు. బెంచీ మీద చోటుంది.”

ఈ మనిషికి పిచ్చి అని ఆ రోజే తేల్చేశాను. ఊరంతా తేల్చిన మాటే అది. విచిత్రం ఏమిటంటే, పిల్ల ఏడవలేదు. మర్నాడు సంచీ ఊపుకుంటూ దర్జాగా శిక్షకు వెళ్లింది. క్లాసులో శిక్ష పడ్డవాళ్లకు అదో హోదా.

ఇక అసలు కోపం సంగతి చెబుతాను. కోపం మాస్టారి ఒక్కరి సొత్తు కాదు.

ఏటా విద్యా శాఖ ఆఫీసరు ఒక ఫారం పట్టుకుని వచ్చి ప్రతి పుస్తకాన్నీ చూస్తాడు. ఫారంలో రెండే గడులు: ‘బాగున్నది’, ‘పాడైనది’. బాగున్నవాటిని బట్టి పదికి మార్కులు. మార్కులను బట్టి మరుసటి సంవత్సరం లైబ్రరీకి నిధులు. కొండ మీద ఇంకో బడి ఉంది. అక్కడ మూడు వందల మంది పిల్లలు, నాలుగు వేల పుస్తకాలు, అద్దాల బీరువాలు. తాళం చెవి వాళ్ల హెడ్మాస్టరు సొరుగులో ఉంటుంది. ఆ పుస్తకాలను తాకిన పాపాన ఎవరూ పోలేదు కనుక ఏటా పదికి పది. ఆ డబ్బుతో కొత్త పుస్తకాలు కొని, వాటిని పెట్టడానికి కొత్త బీరువా కొని, దానికి కొత్త తాళం కొంటారు. మాకు పదికి రెండు. ఆరేళ్లలో ఒక్క కొత్త పుస్తకం రాలేదు.

చదివితే కోత, దాస్తే మేత! కరెంటు వాడుకున్న వీధికి తీగలు పీకేసి, దీపమే వెలిగించని వీధికి ఇంకో ట్రాన్స్‌ఫార్మరు బిగించమని ఎవడైనా నాకు చెబితే, వాణ్ణి ఆ స్తంభానికే కట్టేసి ఉండేవాణ్ణి. విద్యా శాఖలో మాత్రం ఇది ఇరవై ఏళ్లుగా రూలు. జనం కట్టిన పన్నులే కదా, మా పిల్లల తండ్రులవి చెల్లని పన్నులా?

నేనే స్వయంగా ఆ ఆఫీసుకు వెళ్లాను. అక్కడి గుమాస్తా తల ఎత్తలేదు.

“రూలండీ.”

“రూలు తప్పు బాబూ.”

“తప్పయినా రూలేనండీ.”

మాస్టారు వారానికో ఉత్తరం రాసేవారు. వాటికి అచ్చువేసి పెట్టుకున్న ఒకే జవాబు వచ్చేది. చివరికి జవాబు మారింది: ఈసారి కూడా మూడు మార్కులు దాటకపోతే లైబ్రరీ మూసివేత, పుస్తకాలు చిత్తుకాగితాలకు, ఇనుప అరలు కొండ మీది బడికి. తనిఖీ వచ్చే మంగళవారం.

అప్పుడు నా బుర్రలో ఒక మహత్తరమైన ఆలోచన మెరిసింది. మాస్టారికి చెప్పకుండా ఆదివారం పొద్దున్నే వాచ్‌మన్ దగ్గర తాళం తీసుకుని పద్నాలుగు మందిని దింపాను. బస్సు డిపో మెకానిక్, కుట్టుపని చేసే ఆవిడ, మా ఆవిడ, ఇంకా వీధిలో ఖాళీగా దొరికినవాళ్లందరూ. రెండు డజన్ల రబ్బర్లు, తడిగుడ్డలు, జిగురు. మూలలు ఇస్త్రీ చేశాం, చిరుగులు అతికించాం, మరకలు రుద్దేశాం.

“ఏమండీ, ప్రతి పేజీ పక్కనా ఈ పెన్సిలు గుర్తులేంటి? ఒకచోట చుక్క, ఒకచోట సున్నా, ఇదిగో ఇక్కడ త్రికోణం,” అంది మా ఆవిడ.

“మాస్టారి పిచ్చి. తుడిచెయ్.”

మెకానిక్ మాత్రం కుట్టుపని చేసే ఆవిడ ముఖం చూసి రబ్బరు పక్కన పెట్టాడు. “ఇవి ఉంచుదామేమో సార్,” అన్నాడు. “నీకు రెంచీల సంగతి తెలుసు, తనిఖీల సంగతి నాకు తెలుసు,” అని నోరు మూయించాను. సాయంత్రానికి ఆరు వందల పన్నెండూ పెళ్లిచూపులకు కూర్చున్నట్టు తయారయ్యాయి. నా సర్వీసు మొత్తంలో ఇంత పని ఒక్క రోజులో చేయించలేదు.

సోమవారం మాస్టారు తలుపు తీశారు. నేను పక్కనే ఛాతీ విరుచుకుని నిలబడ్డాను. ఆయన ఒక పుస్తకం తీశారు, పేజీలు తిప్పారు, ఇంకొకటి తీశారు, మరొకటి. ఆ తరువాత బల్ల మీద కూర్చుండిపోయారు.

“అన్నీ తుడిచేశారా?”

“ఒక్కటి మిగిలితే ఒట్టు!”

“కష్టపడ్డారండీ,” అన్నారు నెమ్మదిగా. 

ఆ మనిషి నన్ను తిట్టలేదు. అప్పుడు నాకు మొదటిసారి భయమేసింది.

ఆ సాయంత్రం మనవరాలు నా కుర్చీ దగ్గరికి వచ్చి నిలబడింది.

“తాతయ్యా, నా త్రికోణం కూడా తుడిచేశావా?”

“నీ త్రికోణమేంటే?”

“నేను ఎక్కడ ఆగితే అక్కడ మాస్టారు త్రికోణం పెడతారు. మర్నాడు అక్కణ్ణుంచి మొదలుపెట్టాలి. ఒక్కొక్కళ్లకీ ఒక్కో గుర్తు. ఇప్పుడు ఎవరు ఎక్కడున్నామో తెలీదుగా.”

“ఎక్కడ ఆగడమేంటి? నువ్వు వారానికో పుస్తకం చదివేదానివిగా!”

“తెచ్చి ఇచ్చేసేదాన్ని. నాకు చదవడం రాదుగా అప్పుడు.”

“మరి మాకెందుకు చెప్పలేదే?”

“నువ్వు అప్పటికే బస్టాపులో చెప్పేశావుగా.”

మా ఆవిడ వంటింట్లోంచి తొంగిచూసి మళ్లీ లోపలికి వెళ్లిపోయింది. ఒక మాట అంటే బాగుండేది.

“మరి ఆ శిక్ష?”

“శిక్షంటే ఉత్తుత్తిదే తాతయ్యా. చదవడం రాక కూర్చున్నామంటే క్లాసులో మమ్మల్ని చూసి నవ్వుతారట. శుభ్రంగా తెచ్చినందుకు శిక్షంటే మాస్టార్ని చూసి నవ్వుతారట. నవ్వనీండి, నాకలవాటే అన్నారు.”

నేను ఆ రాత్రి భోజనం చేయలేదు. ఎవరి మీద కోపమో తేలక మంచం మీద అటూ ఇటూ దొర్లాను. మనిషి ఊరంతటి చేతా పిచ్చివాడనిపించుకుని, నాలాంటి వాడి చేత గుమ్మంలో తిట్లు తిని, ఒక్క ముక్క బయటపెట్టలేదు. మేమేమో ఆ పిల్లల దారి గుర్తులన్నీ రబ్బరు పెట్టి రుద్దేశాం, అదీ ఒక తలతిక్క ఫారం కోసం!

మంగళవారం ఆఫీసరు వచ్చాడు. పుస్తకాలన్నీ బడి హాల్లోకి చేర్చాం, లైబ్రరీ మూసేస్తారని విన్న తల్లిదండ్రులతో హాలు కిక్కిరిసింది. ఆఫీసరు పుస్తకాలు చూసి కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు.

“అద్భుతం! ఈసారి ఎనిమిది మార్కులు ఇవ్వొచ్చు.”

హెడ్మాస్టరు గారు చప్పట్లకు చేతులెత్తారు. అప్పుడు మాస్టారు లేచారు.

“సార్, అవి మావాళ్లు తుడిచినవి. నలిగిన పుస్తకాలే. నలిగినవనే రాయండి.”

హెడ్మాస్టరు గారి చేతులు గాల్లోనే ఉండిపోయాయి. “మాస్టారూ, మీకేమైనా మతి…” 

“ఈ ఏడు శుభ్రంగా చూపించి గెలిస్తే, వచ్చే ఏడూ శుభ్రంగా చూపించాలి సార్. అంటే తాళం వేయాలి. దానికి నేనెందుకు, తాళం చాలు.”

ఆఫీసరు ఇబ్బందిగా కదిలాడు. “అయితే పాడైనవి కిందే వస్తాయండీ. రెండు మార్కులు. మూసేయాల్సి ఉంటుంది. ఇంతగా ఎందుకు పాడయ్యాయో కారణం చెబితే రాసుకుంటాను.”

మాస్టారి చెయ్యి జేబు మీదికి వెళ్లి అక్కడే ఆగింది. ఆయన జేబులో చిన్న నోటుపుస్తకం ఉంది, ఏ గుర్తు ఎవరిదో అందులో ఉంటుందని మనవరాలు చెప్పింది. ఆ పేర్లు చదివితే చాలు, లైబ్రరీ నిలబడుతుంది. నేను చొక్కా పట్టుకుని లాగాను. “చెప్పండి మాస్టారూ! పేర్లు చదవండి!”

“అవి పిల్లల సంగతులండీ. నావి కావు,” అన్నారు గొణుగుతూ. “మీరు కూడా మీ ఇంటి పిల్ల మాట ఎత్తకండి, దణ్ణం పెడతాను.”

పిల్ల మాట ఎత్తకూడదు. మరి నా దగ్గర ఇంకేముంది? నా దగ్గర నేనున్నాను. లేచి నిలబడ్డాను. మామూలుగానే మొదలుపెట్టాను.

“ముప్ఫై మూడేళ్ల సర్వీసు. ఏడు వందల స్తంభాలు. ఒక ప్రశంసాపత్రం. పదకొండేళ్ల అధ్యక్ష పదవి. ఇన్ని చేసినవాణ్ణి ఈ లైబ్రరీలో ఒక పుస్తకం తీసుకుని శుభ్రంగా తిరిగిచ్చాను. ఎందుకో చెబుతాను రాసుకోండి. మా ఊళ్లో ఒకే ఒక్క పంతులు, ఐదు క్లాసులు. ఆ తరువాత నేను చదివినవన్నీ మీటరు అంకెలూ, ఆఫీసు కాగితాలూ. నాలుగు వరసలు దాటితే నాకు అక్షరాలు అలుక్కుపోతాయి. ఈయన బెంచీ మీద కూర్చోమన్నారు. నేను పొగరుకొద్దీ వెళ్లిపోయాను.”

వెనకనుంచి ఎవరో గొంతు సవరించుకున్నారు. డిపో మెకానిక్.

“నేను కూర్చున్నాను సార్, చిన్నప్పుడు. ఏడు నెలల శిక్ష. ఇప్పుడు ఇంజను మాన్యువలు నేనే చదువుతాను, మా ఫోర్‌మన్‌కు కూడా చదివి పెడతాను.”

“ఏడు నెలలేనా?” కుట్టుపని చేసే ఆవిడ లేచింది. “నాకు ఏడాదిన్నర!”

“నాకు రెండేళ్లు! మధ్యలో పారిపోయి మళ్లీ వచ్చాను,” అన్నాడు పోస్టుమన్. ఆయన మోసే సంచీనిండా ఉత్తరాలే.

పోటీ మొదలైంది. శిక్ష ఎక్కువ పడ్డవాడిదే గొప్ప. ఆఫీసరు చెవులు ఎర్రబడ్డాయి. ఫారం అటూ ఇటూ తిప్పాడు.

“నాకు అర్థమైందండీ. కానీ దీనికి ఇందులో గడి లేదు.”

“గీయండి!” అని అరిచాను. ఆ అరుపుకు కిటికీ అద్దాలు అదిరాయని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది. “రెండు గడులు గీసిన చేతికి మూడో గడి బరువా? కాగితం మీద జాగా లేకపోతే నా వీపు మీద పెట్టి గీయండి!”

ఆయన నిజంగానే గీశాడు. కొంచెం వంకరగా వచ్చింది. పైన ‘చదివినందువల్ల నలిగినవి’ అని రాసి, కింద ఆరు వందల పన్నెండు అని వేశాడు.

ఆ వంకర గడి పై ఆఫీసుకు చేరి అంగీకారం పొందడానికి పద్నాలుగు నెలలు పట్టింది, అంతదాకా మూసివేత ఆగింది. ఆ పద్నాలుగు నెలలూ ప్రతి సోమవారం మేం ఆఫీసు మెట్ల మీద కూర్చున్నాం. గుమాస్తా ఇప్పుడు నన్ను చూడగానే తల ఎత్తడమే కాదు, లేచి నిలబడతాడు. చివరికి రూలు మారింది. లైబ్రరీ నిధులు పిల్లల తలకింత చొప్పున అన్ని బళ్లకూ సమానం. అయితే పుస్తకాలు చదివించినట్టు రుజువు ఉండాలి.

కొండ మీది బడి తనిఖీకి మాస్టారినే వేశారు. నేనూ వెంట వెళ్లాను, ఆ వైభోగం కళ్లారా చూడాలని. అద్దాల బీరువా తెరిచారు. నాలుగు వేల పుస్తకాలకూ మూలలు మడిచి ఉన్నాయి, అట్టలు నలిపి ఉన్నాయి. మాస్టారు ఒకటి తీసి వెన్ను మీద నిలబెట్టారు. ఇరవై రెండో పేజీ దగ్గర తెరుచుకుంది. ఇంకొకటి, ఇరవై రెండో పేజీ. పది తీశారు, పదీ ఇరవై రెండో పేజీయే. నౌకర్లను కూర్చోబెట్టి రెండు రోజులు నలిపించారట!

“సున్నా వేసెయ్యండి మాస్టారూ!” అన్నాను. నా జన్మ తరించిపోతోంది. “అక్కర్లేదు, నేను వేస్తాను, పెన్ను ఇటివ్వండి!”

మాస్టారి ముక్కుపుటాలు అదురుతున్నాయి. చదివినట్టు నటించిన పుస్తకం చూస్తే ఆయనకు శుభ్రమైన పుస్తకం కంటే ఎక్కువ మంట. వాళ్ల హెడ్మాస్టరు దిక్కులు చూస్తున్నాడు. మాస్టారు చెయ్యి చాపారు.

“తాళం చెవి ఇటివ్వండి.”

“ఎందుకండీ?”

“మళ్లీ మీ సొరుగులో పడకూడదు కనుక. నిధులు ఆపమని రాయను. గురువారం గురువారం నేనే వచ్చి తలుపు తీస్తాను.”

దారిలో నేను నిప్పులు కక్కాను. ఆరేళ్లు మన పిల్లల సొమ్ము తిన్న బడి అది, మన అరలు కూడా పట్టుకుపోవాలని చూసిన బడి, దానికి ఉచిత సేవా అని.

“తిన్నది బీరువాలండీ, పిల్లలు కాదు,” అన్నారు మాస్టారు. “పాపం, అక్కడ ఒక పిల్లాడు బీరువా అద్దంలోంచి అట్ట మీద పేరు కూడబలుక్కుంటున్నాడు, చూశారా? మీరు పెన్ను లాక్కుంటున్నప్పుడు.”

నేను చూడలేదు.

మాస్టారిది పాత సైకిలు. ఆ కొండ సగం ఎక్కేసరికి ఆయనకు ఆయాసం వస్తుంది. కనుక గురువారాలు వెనకనుంచి నేను తోస్తున్నాను. దీనికి కూడా నాకు ఎవరూ ప్రశంసాపత్రం ఇవ్వలేదు. ఒక్క సంగతి మాత్రం అందరికీ తెలియాలి: నేను కోపంగానే తోస్తున్నాను.